పాలు పడని ఇంట జున్ను

పోచంపాడు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్లమీదే వుంది. అడిగింది చిన్న విషయమే. ఇంట్లో రెండు బర్రెలు పాడి వున్నాయట. ఏడేళ్ల కొడుక్కు మాత్రం పాలు పడవట. నిజామాబాదు వెళ్లినప్పుడల్లా వాడు పిజ్జా కావాలని పేచీ పెడుతున్నాడట. పాలు లేకుండా చీజు చేసుకొనే ఉపాయం వుంటే చెప్పమని ఆమె కోరిక.

సోయాగింజలు నానబోయండి అని మొదలుపెట్టి పది వాక్యాల్లో జవాబు ముగించవచ్చు. ముగించేదాన్నే. కాని ఉత్తరం చివర, అప్పటికప్పుడు గుర్తుకు వచ్చినట్టు, ఆమె ఇంకొక్క మాట చేర్చింది. పండుగనాడు అత్తగారు ముద్దుకొద్దీ పిల్లవాడి నోట్లో ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టారట. పది నిమిషాల్లో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయట. వేడి చేసిందని ఇంట్లో అందరూ సరిపెట్టుకొన్నారట.

సోదరీ, చీజు సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు ఈ పెదవుల వాపు సంగతి చూడాలి.

"పాలు పడవు" అనే ఒక్క మాటను మనం రెండు వేరు వేరు బాధలకు వాడుతున్నాం. పాలలోని చక్కెర పడకపోవటం ఒకటి, పాలలోని మాంసకృత్తులు పడకపోవటం మరొకటి. పేరు ఒకటే కావటాన ఒకరికి పనికివచ్చిన సలహా ఇంకొకరికి చెబుతాం. అది ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

చక్కెర అంటే బోధన్ చక్కెర కాదు లెండి. పాలకు సొంతంగా ఒక చక్కెర వుంది. దాని పేరు లాక్టోజ్. గ్లాసెడు పాలలో పది పన్నెండు గ్రాములుంటుంది. దాన్ని విరగ్గొట్టి ఒంటికి పట్టించే లాక్టేజ్ అనే రసం చంటిబిడ్డల పేగుల్లో పుష్కలంగా వూరుతుంది. తల్లిపాలు మానిన తరవాత, లోకంలో ఎక్కువమందికి, అది క్రమంగా తగ్గిపోతుంది. విరగని చక్కెర పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవుల పాలబడుతుంది. కడుపుబ్బరం, గడబిడ, విరేచనాలు అన్నీ అవి చేసుకొనే విందు ఫలితాలే. బాధ బాధే గాని, ఇందులో ప్రాణభయం లేదు.

దీన్ని జబ్బు అనటం గూడా నాకు ఇష్టం లేదు. పెద్దయ్యాక పాలు అరగకపోవటం వింత కాదు, అరగటమే వింత. మందల వెంట బతికిన కొన్ని జాతుల్లో కొన్ని వేల యేళ్ల క్రితం వచ్చిన మార్పు అది. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు గూడా పాల్గొన్న పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. ఐరోపా వాళ్లలో కనిపించే ఆ మార్పే మన దేశంలోనూ వుందనీ, వాయవ్యాన హెచ్చుగా వుండి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తగ్గిపోతుందనీ అందులో తేలింది. అంతకు ముందే, 1972లో, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వినోదినీ రెడ్డి గారు మరొక శాస్త్రజ్ఞునితో కలిసి మనవాళ్లలో లాక్టేజ్ లోపాన్ని గురించి పరిశోధనా వ్యాసం ప్రకటించారు. ఈ మాటలేవీ మన పెద్దలకు తెలియవు. కాని రాత్రి పాలు తోడువేసి, పొద్దున చిలికి, జొన్న అంబలిలో సల్ల పోసుకోవాలని మాత్రం తెలుసు. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను కొంత ముందే తినేస్తాయి, మిగిలినదాన్ని కడుపులోకి వెళ్లాక విరగ్గొట్టి పెడతాయి. పచ్చిపాలు చూస్తే పారిపోయే మనిషి మూడు గిన్నెల సల్ల తాగి హాయిగా నిద్రపోతాడు.

ఈ రకంవాళ్లు చీజుకోసం బెంగపెట్టుకోనక్కరలేదు. పాలు విరిచి పనీరు చేసినప్పుడు పాలచక్కెరలో చాలాభాగం విరిగిన నీళ్లతో పోతుంది. నెలల తరబడి మాగబెట్టిన గట్టి చీజులో అది దాదాపు వుండదు. మితంగా తిని చూసుకోవటమే. నేతితో అసలే పేచీ లేదు.

రెండో రకం వేరు. అక్కడ పేచీ పాలలోని మాంసకృత్తులతో. ఒంట్లోని రక్షణశక్తి వాటిని శత్రువులనుకొని యుద్ధం ప్రకటిస్తుంది. పెదవులు వాయటం, దద్దుర్లు, వాంతి, దగ్గు, గొంతు బిగియటం దాని గుర్తులు. పెరుగు చేసినా, పనీరు చేసినా, కోవా చేసినా ఆ మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. పాలచక్కెర పడనివాడికి పెరుగే మందు. ఈ పిల్లవాడికి ఆ పెరుగే విషం. ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టమంటారు ఇరుగుపొరుగు. ఆవు, గేదె, మేక పాల మాంసకృత్తులు దగ్గరి చుట్టాలు. ఒకటి పడనివారిలో చాలామందికి మిగతావీ పడవు. నేతిలో గూడా ఆ అంశ కొద్దిగా మిగిలి వుంటుంది, అంచేత డాక్టరు సరేననే దాకా అదీ వద్దు.

ఉత్తరంలో వున్నది ఈ రెండో రకమని దూరాన కూర్చొని నేను తీర్పు చెప్పలేను. కాని పది నిమిషాల్లో పెదవులు వాచిన పిల్లవాణ్ణి వేడి పేరుతో ఇంట్లో వుంచుకోకూడదు. పిల్లల డాక్టరుకు చూపించండి. చర్మం మీదా, రక్తంలోనూ చేసే పరీక్షలున్నాయి. ఇంట్లో అడ్రినలిన్ ఇంజెక్షను వుంచుకోవాలా, ఎప్పుడు ఎల్లా వెయ్యాలి అన్నది గూడా ఆయన్నే అడగండి. ఈసారి ఊపిరి అందకపోయినా, గొంతు బొంగురుపోయినా, పిల్లవాడు సొమ్మసిల్లినా చిట్కా వైద్యాలు పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోను చెయ్యండి. మొదటిసారి దద్దుర్లతో పోయింది గదా అని రెండోసారి అంతటితోనే పోతుందన్న హామీ లేదు. ధైర్యం చెప్పే మాట గూడా ఒకటుంది: ఈ తగవు చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. తగ్గిందో లేదో చూడవలసింది డాక్టరు ఎదుటేగాని, పండుగనాటి విస్తరి ముందు కాదు.

ఇక అత్తగారు. ఆవిణ్ణి తప్పుపట్టి లాభం లేదు. పాడి వున్న ఇంట్లో పిల్లవాడి నోట్లో పెరుగుముద్ద పెట్టకపోతే ఆవిడకు తిన్నట్టుండదు. పాలు తాగని పిల్లవాడు ఎల్లా పెరుగుతాడన్నది ఆవిడ భయం. కోడలు చెబితే ఆ భయం పోదు. ఈసారి డాక్టరు దగ్గరకు ఆవిణ్ణే వెంటబెట్టుకు వెళ్లండి. తెల్లకోటు మాటకు మన ఇళ్లల్లో వున్న విలువ కోడలి మాటకు లేదు. అది న్యాయం కాకపోయినా, పిల్లవాడి క్షేమం కోసం వాడుకోవలసిందే. మీకు తోడుగా ఆ ఇంట్లో ఇంకొక కాపలా మనిషి తయారవుతుంది. మనవడికి ఫలానాది పడదని నాయనమ్మకు తెలిస్తే, పెళ్లివిందులో ఎవరు ఏది పెట్టబోయినా చెయ్యి అడ్డం పెట్టేది ఆవిడే.

దుకాణంలో మోసపోయే చోట్లు రెండు మూడున్నాయి. పొట్లం మీది ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. పాలు లేవనటానికి కాదు. పాలపొడి నిండా వున్న బిస్కట్టుకూ ఆ చుక్కే. పశుసంబంధమైనదేదీ లేదని చెప్పేది ఆకుపచ్చ 'వి' గుర్తు, దాన్ని ఆహార ప్రమాణాల సంస్థ 2021లో ప్రకటించింది. 'నాన్ డైరీ' అన్న మాట చూసి నమ్మకండి. కాఫీలో కలుపుకొనే అటువంటి పొడుల్లో కేసినేట్ అనే పాల మాంసకృత్తి వుండవచ్చు. నూనె, పాలపొడి కలిపి చేసిన నకిలీ పనీరు ఇంకొకటి. చౌక కనక హోటళ్లలో చెలామణి అవుతుంది. అది పాలతో చేసిన అసలు పనీరూ కాదు, మన పిల్లవాడు తినగలిగిన వస్తువూ కాదు. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో 'కంటెయిన్స్' అన్న మాట పక్కన మిల్క్ అనివుంటే అక్కడే పెట్టెయ్యండి.

ఇప్పుడు సోయా దగ్గరకు వద్దాం. డాక్టరు సోయా పెట్టవచ్చన్న తరవాతనే సుమండీ. పాలు పడని పిల్లల్లో కొందరికి అదీ పడదు.

నిజామాబాదు జిల్లావాళ్లకు సోయా గురించి నేను చెప్పటం తాతకు దగ్గులు నేర్పటమే. తొలకరికి విత్తి దసరా నాటికి కోసే పంట, ఊరూరా కనబడుతుంది. కాని పండించే ఊళ్లోనే దాన్ని వండేవాళ్లు తక్కువ. గింజలు బస్తాలకెక్కి నూనె మిల్లులకు పోతాయి, పిండి కోళ్లకు పోతుంది. సుమారు నూటికి నలభై పాళ్లు మాంసకృత్తులున్న గింజను కోళ్లకు పెట్టి, ఆ కోళ్లను మనం కొనుక్కొంటున్నాం. వ్యాపారం తెలిసినవాళ్లు దీన్ని మెచ్చుకొంటారేమో గాని, వంటింట్లో కూర్చున్న నాకు మాత్రం ఇది వింతగానే వుంటుంది.

సోయాతో పాలు, జున్ను చేయటం ఇవాళ్టి వేషం గూడా కాదు. చైనాలో వందల ఏళ్లనుంచి వుంది. లీ యూయింగ్ అనే చైనా యువకుడు 1910 ప్రాంతంలో పారిస్ పక్కనే సోయా కర్మాగారం పెట్టి, చీజుకు పుట్టిల్లనుకొనే ఫ్రాన్సులో సోయా చీజు చేయించాడు! మన గాంధీగారి సంగతి మీకు తెలిసిందే. 1912లో పాలు మానేశారు. 1918లో జబ్బుపడి లేవలేని స్థితిలో, 1919 మొదట్లో, మేకపాలకు ఒప్పుకొన్నారు. ఆ లోటు ఆయన మనసులో ముల్లులా మిగిలింది. పాలకు బదులు నిలవగల మొక్క ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతూనే వున్నారు. 1935లో వార్ధా మగన్‌వాడీలో సోయాగింజలు వండించి, వాటి గుణగణాలు హరిజన్ పత్రికలో వ్రాశారు.

చేసే పద్ధతి చెబుతాను. పావుకిలో గింజలు రాత్రి నానబోసి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, చేతులతో నలిపి పొట్టు తియ్యండి. తరవాత మసలే నీళ్లలో అయిదు నిమిషాలు వెయ్యండి. చాలామంది ఈ మెట్టు దాటేసి, పచ్చిగింజల వాసన వస్తోందని సోయాను తిడతారు. గింజలో వున్న ఒక రసాయనం రుబ్బేటప్పుడు నూనెతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది, వేడి తగిలితే అది చస్తుంది. ఆ గింజలు చల్లారాక మెత్తగా రుబ్బి, మొత్తం రెండు లీటర్ల నీళ్లు కలిపి, పలచని బట్టలో పిండండి. వచ్చిన పాలను కలుపుతూ ఇరవై నిమిషాలు మరిగించండి. బర్రెపాలకంటె తొందరగా పొంగుతాయి, పొయ్యి దగ్గర నుంచి కదలకండి. పచ్చి సోయాలో అరుగుదలను అడ్డే పదార్థం వుంది కనక ఆ ఇరవై నిమిషాలూ తగ్గించవద్దు. దించి రెండు నిమిషాలాగి, మూడు నాలుగు చెంచాల నిమ్మరసం కప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి, రెండు మూడు దఫాలుగా పొయ్యండి. మెల్లిగా ఒక్కసారి కలిపి వదిలెయ్యాలి. తెల్లని తునకలు పైకి తేలి, కింద నీళ్లు పసుపుపచ్చగా తేటపడితే పని అయినట్టే. బట్టలో వడగట్టి అరగంట బరువు పెడితే పనీరు కట్టినట్టు కడుతుంది. దీన్నే టోఫు అంటారు.

మిగిలిన పిప్పి పారబొయ్యకండి. పిప్పి విలువ బోధన్ వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 2015లో మూతపడేదాకా, చెరకు పిప్పిని పొయ్యిలో పెట్టే ఆవిరి పుట్టించుకొంది. సోయాపిప్పిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొద్దిగా సెనగపిండి కలిపి వడలు వెయ్యండి. జొన్నపిండిలో కలిపి రొట్టె తట్టండి. చేదుండదు, కాస్త చప్పన, అంతే.

ఈ టోఫు కూరకు బాగుంటుంది. పిజ్జా మీద వేస్తే మాత్రం పిల్లవాడు ఒప్పుకోడు, ఎందుకంటే అది కరగదు, సాగదు. పాల చీజు సాగటానికి కారణం కేసీన్ అనే మాంసకృత్తి సున్నంతో కలిసి అల్లుకొన్న వల. మొక్కల్లో ఆ వల లేదు. అందుకే బజారులో అమ్మే పాలులేని చీజుల్లో చాలావాటిని కొబ్బరినూనె, పిండి కలిపి సాగేట్టు చేస్తారు. సాగుతుంది గాని, అందులో మాంసకృత్తులు నామమాత్రం. ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి. అదే పని ఇంట్లో చౌకగా చెయ్యవచ్చు. గ్లాసెడు చిక్కని సోయాపాలు, రెండు చెంచాల సగ్గుబియ్యం పొడి, రెండు చెంచాల నూనె, కొద్దిగా నిమ్మరసం, ఉప్పు, నూరిన వెల్లుల్లి, రంగుకు చిటికెడు పసుపు కలిపి సన్నని సెగమీద తిప్పుతూ వుంటే నాలుగైదు నిమిషాల్లో చిక్కబడి తీగలాగా సాగుతుంది. ఇంట్లో కాల్చిన రొట్టె మీద టమాటా ముద్ద పూసి, పైన ఇది వేసి, మూతపెట్టి ఇవ్వండి. ఇది చీజు కాదని పెద్దవాళ్లు కనిపెడతారు. ఏడేళ్లవాడికి కావలసింది తీగ సాగటం! బజారు పిజ్జా రొట్టెలో పాలపొడి వుండవచ్చు కనక రొట్టె గూడా మీరే చేయటం మంచిది.

పల్లీలతోనూ, జీడిపప్పుతోనూ పాలు తీస్తారు. మైసూరులో 1950లో నెలకొన్న ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ తొలిరోజుల్లోనే వేరుసెనగ పాలమీద, దాని పెరుగుమీద పనిచేసింది. తోడుకు మాత్రం పాల పెరుగు వాడకూడదు, ఆ చెంచాడు చాలు ఉపద్రవానికి. గోరువెచ్చని పల్లీపాలలో నాలుగు మిరపకాయ తొడిమలు వేసి వుంచితే పులిసి తోడుకొంటాయి. దానితో రెండోసారి తోడుపెడితే ఇంకా బాగా పేరుకొంటుంది. పల్లీలు, జీడిపప్పు గూడా కొందరికి గట్టిగా పడనివే. వాటినీ డాక్టరును అడిగాకే పెట్టండి.

ఇంతకీ తెలుగువాళ్లం చీజు అనే మాటకు ఇంగ్లీషు పాఠాల్లో జున్ను అని అర్థం చెప్పుకొని చదువుకొన్నాం. మనకు తెలిసిన జున్ను వేరు. బర్రె ఈనిన ఇంట్లో తొలిపాలు, బెల్లం, మిరియాలు, యాలకులు కలిపి ఆవిరిమీద పెట్టి, ఊరంతా పంచుకొని తినేది. పోచంపాడు పిల్లవాడి అసలు కష్టం పిజ్జా కాకపోవచ్చునని నా అనుమానం. పిజ్జా నిజామాబాదు వెళ్లినప్పుడే కనబడుతుంది. జున్ను కళ్లముందే కోసి అందరి గిన్నెల్లో పెడుతుంటే వీడొక్కడూ గుమ్మంలో నిలబడాలి.

ఆ రోజుకు ఇది చెయ్యండి. అర లీటరు చిక్కని కొబ్బరిపాలు తీసి వుంచుకోండి. అయిదు గ్రాముల చైనాగ్రాసు గ్లాసెడు నీళ్లలో నానబెట్టి, పూర్తిగా కరిగేదాకా మరిగించండి. అందులో కప్పు బెల్లం కరిగించి వడగట్టి, వేడిమీదనే కొబ్బరిపాలు, మిరియాలపొడి, యాలకులపొడి కలిపి గిన్నెలో పొయ్యండి. చల్లారితే ముక్కలు కోయటానికి వస్తుంది. రుచి సరిగ్గా జున్నే అనను. కాని మిరియాల ఘాటు, బెల్లం రంగు, కత్తికి తెగే తీరు అవే. వాడి గిన్నె, చెంచా విడిగా వుంచండి. ఇంట్లో అందరికీ ఇది గూడా ఒక్కొక్క ముక్క పెట్టండి, వాడి వంట వేరన్న మాట రాకుండా.

పాలు లేకపోతే ఎముకలకు సున్నం ఎక్కడిదన్న ప్రశ్న అత్తగారు అడగనే అడుగుతారు. నూరు గ్రాముల పాలలో 120 మిల్లీగ్రాముల సున్నముంటే, నూరు గ్రాముల రాగుల్లో 350 దాకా వుంటుంది. నువ్వుల్లో అంతకు మూడు రెట్లపైనే. అందులో కొంత ఒంటికి పట్టకుండా పోతుందనుకొన్నా తక్కువేమీ కాదు. సకినాలకోసం సంక్రాంతికి తెచ్చే నువ్వులు ఏడాది పొడవునా పొడిచేసి వుంచుకోవచ్చు. మునగాకు, తోటకూర వుండనే వున్నాయి. నిమ్మరసంతో విరిచిన టోఫులో మాత్రం సున్నం ఎక్కువ వుండదు, దాన్ని నమ్ముకోకండి. గుడ్డు, మాంసం ముట్టని ఇల్లయితే బి12 విటమిను మాట డాక్టరుతో చెప్పండి; శాకాహారులకు అది వచ్చేది ముఖ్యంగా పాలనుంచే. చంటిపిల్లలకు పాలకు బదులు ఇంట్లో చేసిన సోయాపాలు పట్టటం అసలు పనికిరాదు. అది వేరే వైద్యం.

వర్ని నుంచి మరొక సోదరి, టోఫు చేసిన మర్నాటికే పుల్లబడుతోందని వ్రాసింది. వడగట్టిన వెంటనే చల్లని నీళ్లలో మునిగేట్టు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. రోజూ నీళ్లు మారిస్తే మూడు నాలుగు రోజులుంటుంది. ముట్టుకొంటే జిగటగా వున్నా, నీళ్లు మసకబారినా మొహమాటపడకుండా పారబొయ్యండి.